అమెరికాలో 20 గంటల పార్ట్‌టైమ్‌తో వడ్డీ కట్టగలమా? గ్యాస్ స్టేషన్ జాబ్ సంగతేంటి?

ఖమ్మం కుర్రాడు

అందరికీ నమస్తే. ఆగస్టులో టెక్సాస్ వెళ్తున్నాను, డేటా సైన్స్‌లో ఎంఎస్. వీసా వచ్చేసింది, టికెట్ కూడా అయిపోయింది. లోన్ 38 లక్షలు, ఇల్లు తనఖా పెట్టి తీసుకున్నాం. మా లోన్‌లో చదువుతున్నప్పుడు కూడా నెలనెలా వడ్డీ కట్టాలి, మొత్తం డబ్బు రిలీజ్ అయ్యాక అది 34 వేల దాకా వెళ్తుందట. కన్సల్టెన్సీ అతను మొదటి రోజు నుంచీ ఒకటే మాట, "పార్ట్‌టైమ్‌లో నెలకు 1500 డాలర్లు ఎక్కడికీ పోవు, ఖర్చులు పోను వడ్డీ కూడా నువ్వే కట్టేస్తావు" అని. నాన్న ఆ మాట నమ్మే సంతకం పెట్టారు.

ఇప్పుడు చదువుతుంటే వారానికి 20 గంటలే అంటున్నారు, అది కూడా క్యాంపస్‌లోనే అంటున్నారు. మా పెద్దమ్మ కొడుకు మాత్రం "గ్యాస్ స్టేషన్‌లో క్యాష్‌కి చెయ్, ఎవడూ అడగడు" అంటాడు. ఇంకో డౌట్, నేను పని చేసిన హైదరాబాద్ కంపెనీ వాళ్లు రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో కొంచెం పని ఇస్తామన్నారు, డబ్బులు ఇక్కడి అకౌంట్‌లోనే వేస్తారు. అది ఓకేనా? అసలు సంగతి ఎవరైనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ప్లేట్లు కడిగిన పట్టభద్రుడు

తమ్ముడూ, ఆ 1500 లెక్క చెప్పినవాడు జీతం కాదు, నీ అడ్మిషన్ మీద కమిషన్ లెక్క చూసుకున్నాడు.

నా లెక్క చెప్తా. నేనూ టెక్సాసే, డైనింగ్ హాల్‌లో రెండేళ్లు చేశాను. గంటకు 11 డాలర్లు. వారానికి 20 గంటలంటే 220, నాలుగు వారాలకు 880, ట్యాక్స్ పట్టుకున్నాక చేతికి 800 అటూ ఇటూ. నలుగురం కలిసి ఉన్న ఇంట్లో నా వాటా అద్దె 420, కిరాణా 150, ఫోన్, కరెంటు, నెట్ అన్నీ కలిపి ఇంకో 100. మిగిలేది వందో నూట యాభయ్యో. నీ వడ్డీ డాలర్లలో దాదాపు 400. ఇది కూడా జాబ్ దొరికిన నెల సంగతి, నాకు మొదటి జాబ్ దొరకడానికే రెండు నెలలు పట్టింది, ఒక్క పోస్టుకు క్యూలో మనవాళ్లే వంద మంది ఉంటారు. డిసెంబర్ సెలవుల్లో డైనింగ్ మూసేస్తారు, ఆ మూడు వారాలు పైసా రాదు.

రూల్ విషయానికొస్తే, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద క్లాసులు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు. సెలవుల్లో, అంటే సమ్మర్‌లో, మళ్లీ ఫాల్ సెమిస్టర్‌లో (ఆగస్టులో మొదలయ్యేది) చదువు కొనసాగించేవాళ్లయితే ఫుల్ టైమ్ చేసుకోవచ్చు. నేను సమ్మర్‌లో 38 గంటల దాకా చేసి కొంచెం వెనకేసుకున్నా. క్యాంపస్ లోపల విద్యార్థుల కోసం నడిచే బుక్ స్టోర్, కెఫెటేరియా లాంటివి బయటి కంపెనీ నడిపినా అవి ఆన్ క్యాంపస్ కిందకే వస్తాయి. క్యాంపస్ గేటు ఎదురుగా ఉన్న పిజ్జా షాపు మాత్రం రాదు, పది అడుగుల దూరమే కదా అంటే కుదరదు.

బయట పని చేయడానికి పర్మిషన్ అనేది ఉంది కానీ అది ఒక అకడమిక్ ఇయర్ పూర్తయ్యాక, అనుకోని ఆర్థిక కష్టం వచ్చిందని నిరూపిస్తే ఇచ్చేది. ఐ-765 అనే అప్లికేషన్ వేసి వర్క్ పర్మిట్ కార్డు చేతికి వచ్చాకే మొదలుపెట్టాలి. "లోన్ వడ్డీ ఎక్కువ" అనేది అనుకోని కష్టం అవ్వదు, అది నీకు ముందే తెలుసు కదా. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) కోసం డబ్బులున్నాయని నువ్వే చూపించావు.

హైదరాబాద్ పని గురించి మా డీఎస్ఓని (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా విషయాలు చూసే అధికారి) ఒకసారి అడిగా. డబ్బు ఎక్కడ పడుతోంది అన్నది కాదు, పని చేసేటప్పుడు నువ్వు ఎక్కడ కూర్చున్నావన్నదే ముఖ్యం, వద్దు అన్నారు. నేను మానేశా.

జస్ట్ చిల్ 99

ఊరికే భయపెట్టకండి బ్రో. నాకు తెలిసిన వాళ్లలో సగం మంది బయట చేసినవాళ్లే, అందరికీ ఇప్పుడు మంచి జాబ్స్ ఉన్నాయి. రూల్స్ పట్టుకుని కూర్చుంటే లోన్ ఎవరు కడతారు? మరీ భయమైతే డే వన్ సీపీటీ (చేరిన మొదటి రోజు నుంచే బయట పనికి పర్మిషన్) ఉన్న కాలేజీకి మారిపో, లీగల్‌గానే ఫుల్ టైమ్ చేసుకోవచ్చు.

విజయవాడ అక్క

చిల్ గారూ, మీకు తెలిసిన వాళ్లలో దొరికిపోయినవాళ్లు మీతో చాటింగ్ చేయరు కదండీ, ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.

దొరకడం గురించే అందరూ మాట్లాడతారు కానీ నేను చూసింది వేరే. మా రూమ్మేట్ ఒక స్టోర్‌లో క్యాష్‌కి చేసింది, గంటకు 7 డాలర్లు, ఫెడరల్ కనీస వేతనం 7.25 కంటే కూడా తక్కువ. శుక్ర, శని, ఆదివారాలు రాత్రి షిఫ్టు. ఓనర్ మనవాడే, మొదట్లో "అమ్మా తిన్నావా" అని బిర్యానీ ప్యాక్ చేసి పంపేవాడు. మూడో నెల నుంచి డబ్బులు "వచ్చే వారం, వచ్చే వారం". ఐదు వారాల జీతం ఆగింది. గట్టిగా అడిగితే "మీ యూనివర్సిటీకి ఫోన్ చేసి చెప్పమంటావా" అన్నాడు. అంతే, నోరు మూసుకుని వచ్చేసింది. ఆ సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు కూడా పోయింది, అది మళ్లీ కట్టి చదవడానికి ఆమె స్టోర్‌లో సంపాదించిన దానికంటే ఎక్కువైంది.

ఇక క్యాష్ కాకుండా పేరోల్ మీద పెడతామని ఎవరైనా అంటే ఇంకా జాగ్రత్త. పని చేసే అర్హత చూసే ఐ-9 ఫారం నింపమంటారు, తొందరలో సిటిజన్ అనే గడిలో టిక్ పెట్టించేస్తారు. అమెరికా పౌరుణ్ణని అబద్ధం చెప్పడం ఇక్కడ మామూలు తప్పు కాదు, దాని మీద పడే నిషేధం జీవితాంతం ఉంటుంది. గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-485లో పర్మిషన్ లేకుండా ఎప్పుడైనా పని చేశారా అని నేరుగా అడుగుతారు. పదేళ్ల తర్వాత ఆ ప్రశ్న ముందు కూర్చుని నిజం చెప్పాలా వద్దా అని ఆలోచించే పరిస్థితి నీకెందుకు తమ్ముడూ?

డే వన్ సీపీటీ గురించి: సీపీటీ అంటే చదువులో భాగంగా చేసే పని, ఐ-20 మీద ఆ కంపెనీ పేరు, తేదీలు ఎక్కాలి. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ (చదువుకి సంబంధించిన పని చేసుకునే పర్మిషన్, మామూలుగా చదువు అయ్యాక వాడుకునేది) పోతుంది. పని చేసుకోవడానికే కాలేజీ అనుకుని చేరినవాళ్ల కథ 2019 జనవరిలో మనందరం చూశాం, మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అధికారులే ఒక ఉత్తుత్తి కాలేజీ పెట్టారు, అందులో చేరిన మనవాళ్లను పట్టుకుని డిటెన్షన్‌లో పెట్టారు. అన్ని సీపీటీ కాలేజీలూ దొంగవి అనను, కానీ గ్యాస్ స్టేషన్‌కి బదులుగా చెప్పే సలహా మాత్రం కాదు అది.

డబ్బు కావాలంటే వేరే చోట వెతుకు. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో నీ కోర్సుకు సంబంధించిన టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా హాఫ్ టైమ్ తీసుకుంటే ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్లు కట్టే తక్కువ ఫీజు) వర్తించే వీలుంది. పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1000 డాలర్లది వచ్చినా ఆ మినహాయింపు రావచ్చు. నాకు వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ వల్ల ఫీజులో తగ్గింది ఏ స్టోర్‌లో ఏడాది నిలబడినా రాదు. ఇప్పుడే, విమానం ఎక్కకముందే, డిపార్ట్‌మెంట్ స్కాలర్‌షిప్ గడువులు చూసుకో.

ఒక అమ్మ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి ఒహాయోలో ఉంది. లైబ్రరీలో వారానికి 14 గంటలు చేస్తోంది, ఇప్పుడు ప్రొఫెసర్ గారు గ్రేడర్‌గా (పేపర్లు దిద్దే పని) 10 గంటలు ఇస్తానన్నారట. రెండూ వేరు వేరు డిపార్ట్‌మెంట్లు కదా, చేయవచ్చా?

ప్లేట్లు కడిగిన పట్టభద్రుడు

వద్దు ఆంటీ. క్యాంపస్‌లో ఎన్ని జాబ్స్ ఉన్నా అన్నీ కలిపే 20. ఈ వారం 24 చేసి వచ్చే వారం 16 చేస్తా, సగటు 20 అవుతుంది అన్నా కుదరదు, ఏ వారానికి ఆ వారమే. గ్రేడర్ పని చదువుకి పనికొస్తుంది కాబట్టి లైబ్రరీలో 10కి తగ్గించుకోమనండి.

ఖమ్మం కుర్రాడు

అన్నా, అక్కా, చాలా థాంక్స్. రాత్రి నాన్నకి మొత్తం చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ముందే తెలిస్తే చిన్న లోన్‌తో ఇంకో కాలేజీ చూసేవాళ్లం కదరా" అన్నారు. మొదటి ఏడాది వడ్డీ ఆయనే కడతానన్నారు, పత్తి డబ్బుల్లోంచి. పెద్దమ్మ కొడుక్కి కూడా లింక్ పంపా, చూసి రిప్లై ఇవ్వలేదు. స్కాలర్‌షిప్ గడువు ఇంకా 12 రోజులుంది, ఎస్సే రాస్తున్నా.

చివరిగా ఒకటి, ఎస్‌ఎస్‌ఎన్ (జీతం, ట్యాక్స్ లెక్కలకి కావాల్సిన సోషల్ సెక్యూరిటీ నంబర్) ఎప్పుడు అప్లై చేయాలి? దిగిన వెంటనేనా?

విజయవాడ అక్క

వెంటనే కుదరదు, ముందు క్యాంపస్ జాబ్ ఆఫర్ ఉండాలి. జాబ్ ఇచ్చినవాళ్ల లెటర్, డీఎస్ఓ లెటర్, పాస్‌పోర్ట్, ఐ-20, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లాలి. దిగి పది రోజులయ్యాక వెళ్లు, లేకపోతే సిస్టమ్‌లో నీ వివరాలు కనిపించక వెనక్కి పంపుతారు. ఇంకోటి, మొదటి పే స్టబ్ (జీతం స్లిప్) రాగానే చూసుకో, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కింద ఏమైనా కోశారేమో. మన ఎఫ్-1 వాళ్లకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అవి ఉండవు. నాకు నాలుగు నెలలు కోశారు, పేరోల్ ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగితే వెనక్కి ఇచ్చారు. ఎస్సే ఒకసారి ఇక్కడ పెట్టు, చూస్తాం.