ఇంటికి సెడాన్ కొనే రోజులు పోయినట్టేనా?

పాత_బండి_పంతులు (విజయవాడ):
నా సెడాన్‌కి, అంటే వెనక డిక్కీ విడిగా ఉండే కారుకి, పదమూడేళ్లు నిండాయి. మారుద్దామని నెల రోజులుగా షోరూముల చుట్టూ తిరుగుతున్నాను. సెడాన్ చూపించు బాబూ అంటే కుర్రాడు నేరుగా ఎత్తు బండి, అదే ఎస్‌యూవీ, దగ్గరికి తీసుకెళ్తాడు. "ఇప్పుడు అందరూ ఇవే తీసుకుంటున్నారు సార్" అంటాడు. ఇంకేవి ఉన్నాయని తీసుకుంటారు? సెడాన్లలో కరోలా ఆల్టిస్ అమ్మకం 2020లో ఆగిపోయింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే సివిక్ పోయింది. 2021లో యారిస్, 2022లో ఎలాంట్రా, 2023లో ఆక్టేవియా. 2025లో సియాజ్ కూడా ఆపేశారు. పొడవు నాలుగు మీటర్లు దాటిన సెడాన్లలో మనలాంటివాళ్లకి మిగిలినవి నాలుగే: సిటీ, వెర్నా, స్లావియా, వర్టస్. అవి కాదంటే కేమ్రీ. 2024 డిసెంబర్‌లో కొత్త కేమ్రీ వచ్చినప్పుడే 48 లక్షలు.

జనం వద్దన్నారని కంపెనీలు మానేశాయా, కంపెనీలూ పన్నులూ కలిసి జనం చేత మానిపించాయా? నేను రెండోదే నమ్ముతాను. సెడాన్‌లో హైదరాబాద్ వెళ్తుంటే వెనక సీట్లో నిద్రపోయిన మా ఆవిడకి సూర్యాపేట ఎప్పుడు దాటిందో తెలియదు. మా అల్లుడి ఎత్తు బండిలో అయితే కంచికచర్ల దాటకముందే తల తిరుగుతోందంటుంది. సామానుకి చూసినా సిటీ డిక్కీ 506 లీటర్లు, వెర్నాది 528. ఎస్‌యూవీ అయిన క్రెటాది 433.

సన్‌రూఫ్_శీను:
మా పిల్లలు సన్‌రూఫ్ లేని బండి ఎక్కం అన్నారు. అందుకే సెడాన్ తీసుకోలేదు.

కాకినాడ_కాజా:
శీనూ, సిటీలోనూ వెర్నాలోనూ సన్‌రూఫ్ ఉంది కదా.

సింగరేణి_బిడ్డ (కొత్తగూడెం):
పంతులు సార్, డిక్కీ లీటర్ల సంగతి తర్వాత. ముందుగాల డోర్ తీసి బండి ఎక్కే మనిషిని అడగుండ్రి. మా అమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. మా పాత సెడాన్‌ల కూసోవాలంటే ఒకరు చెయ్యి పట్టాలె, దిగాలంటే ఇద్దరు పట్టాలె. నిరుడు ఎత్తు బండి తీసుకున్నం. ఇప్పుడు సీటుకు నడుము ఆనిచ్చి కాళ్లు లోపలికి తిప్పుకుంటది, అంతే. ఎవరి చెయ్యీ అడగదు.

ఇంకో మాట. ఐదుగురం కూసుని ఊరికి పోతే సెడాన్ కింద ప్రతి బ్రేకర్‌కూ గీసుకునుడే. ఒకసారి ఆయిల్ సంపు పగిలి రాత్రి పదకొండింటికి రోడ్డు మీద నిలబడ్డం. అమ్మ బండ్లనే ఉన్నది.

పాత_బండి_పంతులు:
అమ్మగారి సంగతి విని బాధేసింది తల్లీ. కానీ అంకెలు కూడా చూడండి. సిటీ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకీ రోడ్డుకీ మధ్య ఖాళీ, 165 మిల్లీమీటర్లు. స్లావియా, వర్టస్ 179. క్రెటా 190. స్లావియాకీ క్రెటాకీ తేడా 11 మిల్లీమీటర్లు, చిటికెన వేలంత. దానికోసం ఒక జాతి కార్లనే వదిలేస్తారా?

సింగరేణి_బిడ్డ:
ఆ అంకె ఖాళీ బండిది సార్. ఐదుగురు కూసుని, డిక్కీల బియ్యం బస్తా పెట్టినంక ఎంత ఉంటదో కొలిచిండ్రా?

పాత_బండి_పంతులు:
బస్తా వేస్తే క్రెటా కూడా దిగుతుంది కదమ్మా. సెడాన్ ఒక్కటే దిగుతుందా?

సింగరేణి_బిడ్డ:
190ల నుంచి దిగుడు వేరే, 165ల నుంచి దిగుడు వేరే.

పాత_బండి_పంతులు:
నేను 179 అన్నాను. మీరు మళ్లీ 165 దగ్గరికే వస్తున్నారు.

ఆటోనగర్_మెకానిక్:
ఇద్దరూ ఒక్క అంకె పట్టుకుని లాగుతున్నారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఎక్కువుంటే నిటారు బ్రేకర్ మీద బండి నడుం తగులుతుంది. వర్టస్ వీల్‌బేస్ 2651 మిల్లీమీటర్లు, క్రెటాది 2610. సెడాన్‌కి ముందు బంపర్ కూడా కిందికే ఉంటుంది. నాలుగు దశాబ్దాలుగా బండ్ల కింద పడుకుంటున్నవాణ్ని, చూసిందే చెప్తున్నా.

అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. డీజిల్. సిటీ డీజిల్, వెర్నా డీజిల్ 2023లో ఆగిపోయాయి. స్లావియా, వర్టస్‌కి డీజిల్ పుట్టనే లేదు. నెలకి మూడు వేల కిలోమీటర్లు తిరిగే మిర్చి వ్యాపారి, కాంట్రాక్టరు ఏం కొనాలి? క్రెటా, సెల్టోస్ లాంటి ఎత్తు బండ్లలో డీజిల్ ఉంది. అటు పోయారు. సెడాన్‌కి రోజూ తిండి పెట్టిన గిరాకీ వాళ్లే.

పాత_బండి_పంతులు:
నేను చెప్పేదీ అదేనండీ, తీసేసింది కంపెనీ, నింద జనం మీద. దానికి పన్ను తోడు. 2006 నుంచి పొడవు నాలుగు మీటర్ల లోపున్న బండినే ప్రభుత్వం ముద్దు చేస్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న బండికి జీఎస్‌టీ 18 శాతం, నా సెడాన్‌కి 40. ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

లెక్కల_మాస్టారు (వరంగల్):
పంతులుగారూ, సగమే చెప్పారు. ఆ రోజుకి ముందు జీఎస్‌టీ, దాని మీద వేసే అదనపు పన్ను సెస్సు కలిపి మీ సెడాన్ మీద 45 శాతం ఉండేది. అంటే అయిదు తగ్గింది. క్రెటా పెట్రోలు ఇంజిన్ 1497 సీసీ, పొడవు నాలుగు మీటర్లు దాటుతుంది కాబట్టి దానికీ అప్పుడు 45, ఇప్పుడు 40. సిటీకి ఎంతో క్రెటాకీ అంతే. ఒకే పన్ను కట్టి జనం క్రెటా కొన్నారంటే, అక్కడ పన్నుని తప్పు పట్టలేం. నెక్సాన్, వెన్యూ లాంటి నాలుగు మీటర్ల లోపు ఎత్తు బండ్ల విషయంలో మాత్రం మీ మాట నిలుస్తుంది. వాటికి 18 శాతమే.

పాత_బండి_పంతులు:
నెక్సాన్ విషయంలో నిలిస్తే చాలు మాస్టారూ. సెడాన్‌కి రావాల్సిన మొదటిసారి కొనుగోలుదారు అక్కడే ఆగిపోతున్నాడు.

డల్లాస్_తెలుగోడు:
ఇక్కడి సంగతి చెప్తాను. అమెరికాలో ఆ నాలుగు మీటర్ల పన్ను లేదు, రోడ్లు బాగున్నాయి, బ్రేకర్లు తక్కువ. అయినా 2018లోనే ఫోర్డ్ ఇక్కడ సెడాన్లు మానేస్తామని ప్రకటించింది. ఫోర్డ్ ఫ్యూజన్ 2020లో ఆగింది, షెవర్లే ఇంపాలా అదే ఏడాది, షెవర్లే మాలిబు 2024లో. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మనవాళ్ల బండ్లలో ఒకప్పుడు కేమ్రీలూ అకార్డులే కనిపించేవి, ఇప్పుడు సగం ఎత్తు బండ్లే. గతుకులే కారణమైతే ఇక్కడెందుకు పోయాయి? మనిషికి ఎత్తులో కూర్చుని రోడ్డు చూడటం ఇష్టం. కేమ్రీ, అకార్డ్ మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాయి. నేనూ కేమ్రీయే నడుపుతాను.

పాత_బండి_పంతులు:
మీ దేశం సంగతి మీది బాబూ. ఇక్కడ నా బండి కింద గీసుకుంటోంది.

సింగరేణి_బిడ్డ:
గీసుకుంటలేదని నిన్నటిదాక మీరే వాదించిండ్రు కదా సార్!

పాత_బండి_పంతులు:
గీసుకోకూడదు అన్నాను. ఎందుకు గీసుకుంటోందో ఎవరైనా అడిగారా? బ్రేకర్ ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గుండ్రంగా. అలా కడితే 165 మిల్లీమీటర్ల బండి హాయిగా దాటుతుంది. మన వీధుల్లో కట్టేది గోడ. గోడ కట్టినవాణ్ని వదిలేసి కారుని తిడుతున్నాం.

సింగరేణి_బిడ్డ:
మీకు సెడాన్ ఇష్టముంటే కొనుక్కోండ్రి, ఎవరొద్దన్నరు? పొద్దటి నుంచి ఎత్తు బండి కొన్నోళ్లంతా తెలివిలేనోళ్లన్నట్టు మాట్లాడుతున్నరు. షోరూం పోరడు చెప్పిండని కొనలేదు నేను. ఏడేండ్ల ఈఎంఐ కడుతున్న, మా అమ్మ కోసం.

పాత_బండి_పంతులు:
తెలివిలేదని ఎక్కడన్నాను? సరే, మనసులో ఉన్నది చెప్పేస్తాను. 2019లో మా కాలనీలో బ్రేకర్లు సరిచెయ్యమని, గుంటలు పూడ్చమని అర్జీ పెట్టాను. 41 ఇళ్లవాళ్లు సంతకం చేశారు. రెండు బ్రేకర్లు తీసి మళ్లీ వేశారు కూడా. ఈ ఏడాది వానలకి రోడ్డు మళ్లీ పోతే అదే కాగితం పట్టుకుని గడప గడపకీ తిరిగాను. తొమ్మిది సంతకాలు. "మా బండికి ఏం తెలియట్లేదు పంతులుగారూ" అన్నారు. అప్పుడు పక్కన నిలబడ్డవాళ్లే, ఇప్పుడు అద్దం కూడా దించకుండా మాట్లాడారు. ఆ తొమ్మిదిలో ఏడు స్కూటర్లవాళ్లవి. నా బాధ కారు గురించి కాదమ్మా. ఒక్కొక్కరూ ఎత్తు బండి కొనుక్కుని రోడ్డు నుంచి తప్పుకుంటున్నారు. ఆ గుంటలో పడేది ఇక స్కూటరు మీద పిల్లని స్కూలుకి దింపే మనిషే.

సింగరేణి_బిడ్డ:
ఇది మొదట్నే చెప్పాల్సింది. కానీ ఆ పాపం మా అమ్మ మీద ఎట్ల పెడతరు? అర్జీ పెట్టి, వాళ్లొచ్చి చూసి, టెండరు వేసి, రోడ్డు పడేదాక అమ్మ ఆస్పత్రికి పోకుండ ఆగాల్నా? ఆమెకు డెబ్బై మూడేండ్లు. ఆమె దగ్గర అంత టైము లేదు. బండి నా చేతుల్ల ఉన్నది, రోడ్డు లేదు. నా చేతుల ఉన్నది నేను చేసిన.

లెక్కల_మాస్టారు:
ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు కదా.

పాత_బండి_పంతులు:
అడ్డమేనండీ మాస్టారూ. బండి మారాక ఎవరూ కాగితం మీద సంతకం పెట్టట్లేదు. కళ్లారా చూశాను.

ఆటోనగర్_మెకానిక్:
పంతులుగారూ, మీ కాలనీ పేరు పంపండి. నాకు బండి లేదు, స్కూటరే. సంతకం పెడతాను.

సింగరేణి_బిడ్డ:
పొద్దున మా సందు మొదట్ల ఉన్న బ్రేకర్ టేపు పెట్టి కొలిచిన. ఎత్తు 19 సెంటీమీటర్లు. వెడల్పు అడుగున్నర. మీ 179 పోతదా సార్?

పాత_బండి_పంతులు:
పోదమ్మా. మీ 190 కూడా కష్టమే. ఆ కొలతతో ఒక ఫొటో తీసి, తేదీ వేసి నాకు పంపండి. అర్జీ నేను రాసిస్తాను.

సింగరేణి_బిడ్డ:
పంపుత. సంతకాలు కూడ నేనే తిరిగి పెట్టిస్త. బండి మాత్రం అమ్మేది లేదు.