థీమ్ పార్కులో ఉద్యోగం ఎలా ఉంటుంది? చేసినవాళ్ళు చెప్పండి

మహేంద్రతనయ_ఒడ్డు
అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి పక్క పల్లె. డిగ్రీ అయిపోయింది. భువనేశ్వర్ వైపు ఒక థీమ్ పార్కులో రైడ్ ఆపరేటర్‌గా రమ్మన్నారు. ఈత వచ్చని చెప్పినందుకు, కావాలంటే నీళ్ళ విభాగంలో లైఫ్‌గార్డ్‌గా కూడా తీసుకుంటామన్నారు. రెండింటిలో ఏది మేలు? చేతికి ఎంత వస్తుంది? గది వాళ్ళే ఇస్తారా? వానాకాలంలో పని ఉంటుందా, ఇంటికి పంపేస్తారా? మా నాన్నగారు "రంగులరాట్నం తిప్పడానికి డిగ్రీ దేనికిరా" అంటున్నారు. గుణుపూర్–పూరీ రైలు ఉంది కాబట్టి రాకపోకల బెంగ లేదు.

రాయగడ_ఆపరేటర్
తమ్ముడూ, నేను హైదరాబాద్ దగ్గర ఒక పార్కులో నాలుగేళ్ళుగా చేస్తున్నాను. మీ నాన్నగారితో చెప్పు, రాట్నాన్ని మోటారు తిప్పుతుంది, మనం తిప్పాల్సింది జనాన్ని. గేటు తెరవకముందే ఖాళీ బండిని రెండు మూడు చుట్లు పంపి చూడాలి. ప్రతి సీటు కడ్డీనీ చేత్తో లాగి చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. ఇక సాయంత్రం దాకా ఒకటే పని: కడ్డీ నొక్కు, లాగి చూడు, పక్కవాడికి బొటనవేలు చూపించు. మొదటి నెలలో ఒక రాత్రి మెస్సులో కంచాన్ని కూడా అలాగే నొక్కి చూశాను, పక్కవాళ్ళు వారం రోజులు నవ్వారు. అసలు కష్టం రైడ్ దగ్గర ఉండదు, ఎత్తు కొలిచే కర్ర దగ్గర ఉంటుంది. అక్కడ నిలబెట్టిన రోజు తిట్లతోనే కడుపు నిండిపోతుంది.

ఇద్దరు_పిల్లల_తండ్రి
కర్ర మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. జయపురం నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని పిల్లలను తీసుకువెళ్ళాను. మా అమ్మాయి బూట్లతో నిలబడితే కొలత సరిపోయింది. ఆ కుర్రాడు బూట్లు విప్పమన్నాడు. అరంగుళం తక్కువ వచ్చింది. గంటన్నర వరుసలో నిలబెట్టి, చివర్లో అందరి ముందూ పక్కకు తప్పుకోమన్నాడు. పిల్ల ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. అరంగుళానికి ప్రాణాలు పోతాయా? మీకు చేతిలో ఒక కర్ర ఉంటే చాలు, తహసీల్దారులైపోతారు.

రాయగడ_ఆపరేటర్
అయ్యా, వరుస మొదట్లోనే కొలిచి ఉండాల్సింది, అది వాళ్ళ తప్పే, ఒప్పుకుంటాను. బూట్లు విప్పించడం మాత్రం తప్పు కాదు. మడమ కింద అట్టముక్కలు పెట్టి తెచ్చిన తల్లిదండ్రులను నేను చూశాను. జుట్టు పైకి ముడి వేసి తెచ్చినవాళ్ళను కూడా చూశాను.

ఇద్దరు_పిల్లల_తండ్రి
నేను అట్టముక్కలు పెట్టానన్నానా? ఎవరో చేసినదానికి నన్నెందుకు అంటారు?

బ్రేకుల_బాబాయ్
ఇద్దరూ కాస్త ఆగండి. మాది బరంపురం. మెయింటెనెన్స్‌లో పన్నెండేళ్ళు పనిచేశాను, మూడు రాష్ట్రాల్లో రోలర్ కోస్టర్ల కింద పడుకుని గ్రీజు పూసిన చేతులివి. ఆ కొలతను ఆపరేటరూ పెట్టడు, మేనేజరూ పెట్టడు. రైడ్ తయారుచేసిన కంపెనీ రాసిస్తుంది. కడ్డీ వచ్చి తొడల మీద, నడుము ఎముకకు దగ్గరగా ఆనాలి. పిల్ల పొట్టిగా ఉంటే అది పొట్ట మీద ఆనుతుంది. బండి గుట్ట దిగేటప్పుడు మనిషి సీటులోంచి పైకి లేస్తాడు, ఆ క్షణంలో పట్టి ఉంచేది కడ్డీ ఒక్కటే. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా, గీసినచోట అరంగుళం కూడా అరంగుళమే. భారీ మనిషికీ ఇదే నియమం. కడ్డీ కిందికి దిగి లాక్ పడకపోతే దించేయాల్సిందే.

టికెట్_కిటికీ
పిల్లలను ఆపడమే నయం బాబాయ్ గారూ. నేను ఒక సీజను రైడ్ దగ్గర చేసి తరువాత టికెట్ల దగ్గరకు మార్పించుకున్నాను. కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది, అమ్మాయి కాస్త లావు. నలుగురం కలిసి నొక్కినా కడ్డీ లాక్ పడలేదు. ఆ అబ్బాయి ఆమెను దిగమని చెప్పి తాను మాత్రం కూర్చునే ఉన్నాడు. ఆమె మెట్లు దిగుతూ చూసిన చూపు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఇద్దరు_పిల్లల_తండ్రి
సరే, కొలత సంగతి వదిలేస్తాను. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? దాని గురించి ఎవరూ మాట్లాడరు.

బ్రేకుల_బాబాయ్
అడగాల్సిన మనిషినే అడిగారు. మొదటి గుట్ట ఎక్కేదాకానే గొలుసు లాగుతుంది. టకటకమని చప్పుడు వస్తుంది చూడండి, బండి వెనక్కి జారకుండా పళ్ళ మీద పడే ఇనుప నాలుక చప్పుడు అది. అక్కడి నుంచి భూమి లాగుతుంది, మోటారుతో పని లేదు. దారిని భాగాలుగా విడగొడతారు, ఒక భాగంలో ఒక్క బండే ఉండాలి. ముందు బండి కదలకపోతే వెనకదాన్ని బ్రేకు ఆపేస్తుంది. గాలి ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకు తెరిచి ఉంటుంది, గాలి పోతే మూసుకుంటుంది. కాబట్టి కరెంటు పోతే బండి ఆగుతుందే తప్ప ఊడిపోదు.

రాయగడ_ఆపరేటర్
అన్ని రైడ్లనూ ఒక గాటన కట్టకండి బాబాయ్. బూమరాంగ్ రకం వేరు. బండిని వెనక్కి లాగి వదిలితే ముందుకు వెళ్ళి, అవతలి గుట్ట ఎక్కి, అదే దారిన వెనక్కి వస్తుంది. దానికి ఒక్కటే బండి. మీరు చెప్పిన భాగాల లెక్క అక్కడ ఎక్కడుంది?

బ్రేకుల_బాబాయ్
నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఇనుముతో పనిచేస్తున్నాను. మినహాయింపులన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లవారుతుంది.

రాయగడ_ఆపరేటర్
ఇందాక పన్నెండేళ్ళన్నారు. నాకు ఇరవై ఏడు.

బ్రేకుల_బాబాయ్
అంతకుముందు రైల్వే వర్క్‌షాపులో చేశాను. నీ పద్దుల పుస్తకంలో రాసుకో.

సిరొంచ_ఈతగాడు
మీ పోట్లాట మీరు కానివ్వండి. తమ్ముడు లైఫ్‌గార్డ్ గురించి కూడా అడిగాడు. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మహారాష్ట్రలో పార్కు అనగానే అందరూ ముంబయి, ఖోపోలీ అంటారు. మా ఊరి నుంచి అవి ఎక్కడో, హైదరాబాదే దగ్గర. గోదావరిలో ఈదినవాణ్ణి, నాకేమిటి కొత్త అనుకుని చేరాను. నది ఈత అక్కడ పెద్దగా పనికిరాలేదు. వేవ్ పూల్ పక్కన కుర్చీలో కూర్చుని నీ వంతు నీళ్ళను పది సెకన్లలో ఈ మూల నుంచి ఆ మూలకు చూడాలి. ఎవరైనా తేడాగా కనిపిస్తే ఇరవై సెకన్లలో చేరుకోవాలి. అలా నేర్పించారు మాకు. మునిగేవాడు కేకలు వేయడు, చేతులు ఊపడు. నోరు నీటిమట్టం దగ్గర పైకీ కిందికీ ఆడుతుంది, అంతే. పక్కనే ఉన్న కన్నతండ్రి కూడా ఆడుకుంటున్నాడనుకుంటాడు. నేను తీసిన ముగ్గురిలో ఇద్దరు పిల్లలు తమ అమ్మకు రెండు చేతుల దూరంలోనే ఉన్నారు. అందులో ఒకామె కృతజ్ఞత చెప్పకపోగా పిల్లవాడి చేతిని గట్టిగా పట్టుకున్నానని ఫిర్యాదు చేసింది.

ఇక కాళ్ళు. రోజంతా తడి నేల మీద నడిస్తే వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి చిట్లుతుంది. షిఫ్ట్ అవగానే పొడిగుడ్డతో తుడుచుకో, తడి బూట్లలో తిరగకు. కొలను దగ్గర కళ్ళు మండే ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని జనం అంటారు. చెమటా మూత్రమూ క్లోరిన్‌తో కలిస్తే పుట్టే వాసన అది. స్నానం చేసి దిగమని అరిచి అరిచి నా గొంతు పోయింది.

టికెట్_కిటికీ
చీరతో దిగనివ్వరని గొడవ పెట్టేవాళ్ళ సంగతి రాయలేదేం? ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి ఆదివారం బస్సులు వస్తే నన్నే పిలుస్తారు, తెలుగు వచ్చు కదా అని. జారుడుబల్ల మీద చీర ఎక్కడైనా చిక్కుకుంటే ఏమవుతుందో పెద్దావిడలకు వివరించాలి. ఒడియా వాళ్ళకు ఒడియాలో, మనవాళ్ళకు తెలుగులో, మిగిలినవాళ్ళకు హిందీలో ఒకే తిట్లు మూడు భాషల్లో తింటాను. మూడు భాషలకూ కలిపి జీతం ఒకటే.

పులి_వేషం
నా కష్టం కూడా రాయనివ్వండి. బరంపురం ఠాకురాణి యాత్రలో పులి వేషం కట్టిన వంశం మాది. రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర, ఒంటినిండా రంగు, డప్పు మోగితే అలుపు తెలియదు. ఆ ధైర్యంతోనే ఒక పార్కులో బొమ్మ వేషానికి ఒప్పుకున్నాను. లోపల స్పాంజి, బొచ్చు, తలకాయకు నోటి దగ్గర చిన్న జాలీ. మే నెల ఎండ. మాట్లాడకూడదు, జనం ముందు తల తీయకూడదు. పిల్లలు తోక లాగుతారు, కుర్రాళ్ళు పొట్టలో గుద్ది పరుగెత్తుతారు. యాత్రలో నా వేషానికి జనం దండం పెట్టేవారు.

బ్రేకుల_బాబాయ్
1955లో కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీల్యాండ్ ఉంది చూశారూ, అక్కడ పనివాళ్ళను ఉద్యోగులనరు, నటవర్గమంటారు. ఊడ్చేవాడు కూడా నటుడే. మనవాళ్ళకు ఆ దృష్టి లేదు.

పులి_వేషం
నటవర్గమనే పిలవనివ్వండి, నటుడి పారితోషికం కూడా ఇప్పించండి.

మహేంద్రతనయ_ఒడ్డు
అన్నలూ, అక్కా, చాలా తెలిసింది. జీతం, గది, వానాకాలం?

టికెట్_కిటికీ
జీతం ఎంతని అడగకు తమ్ముడూ, ఎవరిస్తారని అడుగు. పార్కు కంపెనీనా, మధ్యలో కాంట్రాక్టరా? కాంట్రాక్టరైతే నియామక పత్రం చేతికి వచ్చాకే రైలెక్కు. మూల వేతనంలో 12 శాతం పీఎఫ్‌కు, మొత్తం జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి కోస్తారు, అది న్యాయమే. మెస్సు, యూనిఫాం డిపాజిట్ అంటూ ఇంకేం కోస్తారో ముందే రాయించుకో. సెలవు మంగళవారమో బుధవారమో ఇస్తారు, ఆదివారం మరిచిపో. దసరా, సంక్రాంతి కూడా అక్కడే. నాలుగేళ్ళుగా నేను మా ఇంట్లో భోగి మంట చూడలేదు.

సిరొంచ_ఈతగాడు
వానకు పార్కు మూయరు, ఉరుములు మెరుపులు వస్తే నీళ్ళలోంచి అందరినీ బయటికి పంపేస్తారు, అంతే. జనం తగ్గితే మాత్రం కాంట్రాక్టు వాళ్ళను మొదట తగ్గిస్తారు. నన్ను ఆగస్టులో పంపేసి దసరాకు మళ్ళీ పిలిచారు.

ఇద్దరు_పిల్లల_తండ్రి
రాయగడ తమ్ముడూ, ఒక మాట. మా అమ్మాయి ఈ ఏడాది బాగా ఎదిగింది. మీ పార్కులో ఏ రోజు రద్దీ తక్కువ?

రాయగడ_ఆపరేటర్
స్కూళ్ళు నడిచే రోజుల్లో మంగళవారం రండి. వరుసలో నిలబడకముందే కొలిపించండి. బూట్లు మాత్రం విప్పాలి.

మహేంద్రతనయ_ఒడ్డు
శనివారం రాత్రి బయలుదేరుతున్నాను. ఆపరేటర్‌గానే చేరతానన్నాను. గది సంగతి అక్కడికి వెళ్ళాకే అడుగుతాను.