చిత్రోత్సవం ప్రదర్శన పేజీలు ఒకే పట్టిక నుంచి: వలంటీర్ల ప్రణాళిక చర్చ

వెబ్‌సైటు వలంటీరు:

కార్యవర్గ సభ్యులకూ తోటి వలంటీర్లకూ నమస్కారం.

దీపావళికి వారం ముందు, 2026 అక్టోబరు 31, నవంబరు 1 తేదీల్లో, న్యూజెర్సీలోని ఎడిసన్ థియేటరులోనూ సౌత్ బ్రన్స్‌విక్ ఆడిటోరియంలోనూ మనం జరపదలచిన తెలుగు చిత్రోత్సవానికి వెబ్‌సైటు పేజీలు ఏ పద్ధతిలో తయారు కావాలో ఇప్పుడే తేల్చుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మన సంఘాల్లో సాధారణంగా జరిగేది అందరికీ తెలిసినదే. కార్యక్రమం మొత్తం ఒక ఫ్లయరుగా మారుతుంది, ఆ ఫ్లయరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, వెబ్‌సైటు మొదటి పేజీలో అదే బొమ్మను అతికిస్తారు. గ్రూపుల్లో ఉన్నవారికి అది చాలు. ఈ మధ్యే ఉద్యోగం మారి న్యూజెర్సీకి వచ్చినవారికీ, ఏ గ్రూపులోనూ లేని మన పిల్లలకూ అది చేరదు. వాళ్లు శనివారం పొద్దున ఫోను తీసి, దగ్గరలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో తెలుగు సినిమా ఎక్కడ ఆడుతోందని వెతుకుతారు. బొమ్మలో ఇరికించిన అక్షరాలను నమ్ముకుని ఆ వెతుకులాటలో మనం కనిపిస్తామని ఆశపడటం కుదరదు.

కాబట్టి నా ప్రతిపాదన ఏమిటంటే, ప్రతి ప్రదర్శనకూ సొంత లింకుతో ఒక పేజీ ఉండాలి, ఆ పేజీలను ఎవరూ చేత్తో రాయకూడదు, అన్నీ ఒకే స్ప్రెడ్‌షీటు నుంచి స్క్రిప్టు ద్వారా, అంటే ఒక చిన్న ప్రోగ్రాము ద్వారా, తయారు కావాలి. ఆ స్ప్రెడ్‌షీటులో చిత్రాలకు ఒక పట్టిక, వేదికలకు ఒకటి, ప్రదర్శనలకు మరొకటి ఉంటాయి. ప్రదర్శనల పట్టికలో చిత్రం పేరును మళ్లీ టైపు చేయము. చిత్రాల పట్టికలోని సంఖ్యను మాత్రమే వేస్తాము. ఒకే చిత్రాన్ని రెండు వేదికల్లో ఆడిస్తే ప్రదర్శనల పట్టికలో రెండు వరుసలు వస్తాయి తప్ప, దర్శకుడి పేరు, నిడివి వంటి వివరాలు రెండుసార్లు నింపే పని ఉండదు. ఆఖరి నిమిషంలో సమయం మారితే ఒక్క గడి దిద్దితే చాలు, పేజీలోనూ, రెండు రోజుల పూర్తి పట్టికలోనూ, సెర్చి ఇంజన్లు చదివే భాగంలోనూ ఒకేసారి మారుతుంది.

సెర్చి ఇంజన్లు చదివే ఆ భాగం గురించి కొంచెం చెప్పాలి. గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో స్కీమా డాట్ ఆర్గ్ అనే ఉమ్మడి పదజాలాన్ని ప్రారంభించాయి. ఉత్సవానికి ఫెస్టివల్ అనీ, ఒక్కొక్క ప్రదర్శనకు స్క్రీనింగ్ ఈవెంట్ అనీ, చిత్రానికి మూవీ అనీ అందులో విడివిడి రకాలున్నాయి. ఒక్కో వివరానికి అందులో పెట్టిన పేరును గుణం అంటారు. ప్రదర్శన ఏ ఉత్సవంలో భాగమో సూపర్ ఈవెంట్ అనే గుణం చెబుతుంది, ఏ చిత్రాన్ని చూపిస్తున్నామో వర్క్ ప్రెజెంటెడ్ చెబుతుంది, సబ్‌టైటిల్స్ ఏ భాషలో ఉన్నాయో చెప్పడానికి కూడా ఒక గుణం ఉంది. ఈ వివరాలను జేసన్ ఎల్‌డీ రూపంలో, అంటే పేజీ వెనక కంటికి కనిపించని ఒక చిన్న ముక్కగా, స్క్రిప్టే అమరుస్తుంది. పేరు, ప్రారంభ సమయం, వేదిక చిరునామా గూగుల్‌కు తప్పనిసరి. మిగిలినవి ఉంటే మంచిది. ఇవన్నీ సరిగ్గా పెట్టినా ఫలితాల్లో ప్రత్యేకంగా చూపిస్తామని గూగుల్ హామీ ఇవ్వదు కనుక, పేజీలో మనిషి చదివే భాగం బాగుండటమే మొదటి పని. పైగా వెనక రాసినదీ పైన కనిపించేదీ ఒకటే కావాలన్నది వారి నియమం. రెండూ ఒకే గడి నుంచి వస్తే ఆ నియమం గురించి మనం విడిగా ఆలోచించనక్కరలేదు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది సమయం. మనం ఎంచుకున్న ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు వేసవి కాలమానం ముగిసి ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి వెళ్తాయి. మన సమయం అంతర్జాతీయ ప్రామాణిక కాలానికి (యూటీసీకి) ఎన్ని గంటలు వెనక ఉందో వెనక రాసే భాగంలో చెప్పాలి కాబట్టి, శనివారం ప్రదర్శనలకు సమయం చివర మైనస్ 04:00 అని ఉండాలి, ఆదివారం వాటికి మైనస్ 05:00 అని ఉండాలి. శనివారం వరుసను కాపీ చేసి తేదీ మాత్రమే మార్చితే, ఆదివారం ఉదయం 10 గంటల ఆటను సెర్చి ఇంజను 9 గంటల ఆటగా చదువుతుంది, జనం మూసిన తలుపుల ముందు గంటసేపు నిలబడతారు. అందుకని పట్టికలో ఎవరూ ఈ తేడాను చేత్తో రాయవద్దు. తేదీ, గంట మాత్రం నింపండి, న్యూయార్క్ కాలమండలం ప్రకారం మిగతాది స్క్రిప్టు లెక్కించుకుంటుంది. హైదరాబాదు నుంచి వీడియోలో మాట్లాడే అతిథులకు కూడా ఇదే సమస్య వస్తుంది. శనివారం ఇక్కడ ఉదయం 10 అంటే అక్కడ రాత్రి 7:30, ఆదివారం అదే 10 అంటే అక్కడ 8:30. వారికి పంపే ఆహ్వానంలో భారత కాలమానం కూడా ఈ పట్టిక నుంచే వెళ్లాలి.

చిత్రాల ఎంపిక సమన్వయకర్త:

ప్రతిపాదన బాగుంది. నాకు రెండు సందేహాలున్నాయి. మనం అనుకున్న చిత్రాల్లో మాయాబజార్, మల్లీశ్వరి ఉన్నాయి. ఈ పేర్లతో వేరే చిత్రాలు కూడా వచ్చాయి కదా, సెర్చి ఇంజను ఏది ఏదో ఎలా పోల్చుకుంటుంది? ఇక రెండోది, చిత్రం పేజీలో నక్షత్రాల రేటింగు కూడా పెడితే ఆకర్షణగా ఉంటుందని ఇద్దరు ముగ్గురు సూచించారు. దానికి మీరేమంటారు?

వెబ్‌సైటు వలంటీరు:

మొదటి సందేహం చాలా అవసరమైనది, దానికి వివరంగానే జవాబు చెప్పాలి. మనం వేస్తున్నది 1951లో బి.ఎన్.రెడ్డి గారు తీసిన మల్లీశ్వరి. వెంకటేశ్, కత్రినా కైఫ్ నటించిన 2004 నాటి చిత్రం పేరు కూడా అదే. అలాగే కె.వి.రెడ్డి గారి మాయాబజార్ 1957లో వస్తే, ఇంద్రగంటి మోహనకృష్ణ గారి మాయాబజార్ 2006లో వచ్చింది. పేరొక్కటే ఇచ్చి ఊరుకుంటే యంత్రం సంగతి అలా ఉంచండి, మన ఇంట్లో పిల్లలే పొరబడతారు. అందుకని ప్రతి చిత్రానికీ ఏడాది, దర్శకుడు తప్పనిసరి గడులు; అవి పేజీ శీర్షికలోనే కనిపించాలి. వీటికి తోడు సేమ్ యాజ్ అనే గుణంలో వికీడేటా, ఐఎండీబీ వంటి వివరాల సైట్లలో ఆ చిత్రానికి ఉన్న లింకును ఇస్తాము. అప్పుడు అనుమానానికి తావుండదు. ఆ లింకులను ఎంపిక సంఘంవారే తెరిచి చూసి నింపాలని నా మనవి, ఎందుకంటే వెతికినప్పుడు పైన వచ్చేది మనకు కావలసిన చిత్రమే అయి ఉండాలన్న నియమం లేదు. మాయాబజార్‌ను అదే ఏడాది తమిళంలో కూడా తీశారు కాబట్టి భాష గడిని కూడా ఖాళీగా వదలకండి.

పేరు రాసే తీరు మరో చిక్కు. మాయాబజార్‌ను ఇంగ్లీషు లిపిలో కొందరు ఒకే పదంగా, కొందరు రెండు పదాలుగా రాస్తారు, చివర అచ్చును ఒకరు పొడిగిస్తే మరొకరు కుదిస్తారు. వాడుకలో ఉన్న రూపాలన్నిటినీ ప్రత్యామ్నాయ పేర్ల గడిలో ఇవ్వండి. వాటిలో ఒకటి రెండు పేజీ వివరణలో సహజంగా దొర్లితే చాలు, అన్నిటినీ వరుసగా కుక్కితే చదివేవారికి చిరాకు. ప్రతి పేజీ తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ఉంటుంది, రెండూ ఒకదానికొకటి జంట అని వెనక గుర్తు పెడతాము. లింకు మాత్రం రెండింటికీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. దీనికి భాషాభిమానంతో సంబంధం లేదు. మాయాబజార్ అనే మాటలో యూనికోడ్ (కంప్యూటర్లు అన్ని లిపులనూ గుర్తించే పద్ధతి) లెక్కన తొమ్మిది సంకేతాలున్నాయి. ఒక్కొక్కటి లింకులో మూడు బైట్లుగా, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారితే, ఆ ఒక్క పేరే 81 అక్షరాల చాంతాడు అవుతుంది. వాట్సాప్‌లో దాన్ని చూసినవారు మోసపు లింకేమోనని నొక్కకుండా వదిలేస్తారు. లింకులో పేరుతోపాటు ఏడాది కూడా వేద్దాం.

రేటింగు వద్దు. వేరే సైట్ల నక్షత్రాలను ఎత్తి తెచ్చి మన పేజీలో పెట్టడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, మన ప్రేక్షకుల నుంచి మనం సేకరించినవి ఇంకా లేవు. దాని బదులు ఈ చిత్రాన్ని ఎందుకు ఎంచుకున్నారో మీ సంఘం నాలుగైదు వాక్యాలు రాసి ఇస్తే అది ఏ నక్షత్రాలకన్నా ఎక్కువ పని చేస్తుంది. ఆ వాక్యాలు మరెక్కడా దొరకవు.

కోశాధికారి:

సీజన్ పాసు తగ్గింపు ధరను ప్రదర్శన పేరులోనే పెడితే టికెట్లు త్వరగా అమ్ముడవుతాయని నా అభిప్రాయం. కుటుంబ పాసు, సంఘ సభ్యుల ధర, ఐదేళ్లలోపు పిల్లలకు ఉచితం, ఇవన్నీ కూడా కనిపించాలి.

వెబ్‌సైటు వలంటీరు:

కోశాధికారి గారూ, ధరలన్నీ తప్పకుండా కనిపిస్తాయి, కానీ పేరులో కాదు. కార్యక్రమం పేరులో తగ్గింపులు, ప్రచార వాక్యాలు పెట్టవద్దని గూగుల్ స్పష్టంగా చెబుతుంది. ధరకు ఆఫర్ అనే విడి భాగం ఉంది. అందులో మొత్తం, డాలర్లు అన్న సూచన, టికెట్ కొనే లింకు, అమ్మకం ఎప్పటి నుంచి మొదలవుతుందో ఆ తేదీ వస్తాయి. సభ్యుల ధర ఒక వరుస, సాధారణ ధర ఒక వరుస. పిల్లల ఉచిత ప్రవేశాన్ని ఖాళీగా వదలకుండా సున్నా అని రాయాలి, ఎందుకంటే ఖాళీ గడిని స్క్రిప్టు ధర ఇంకా తేలలేదని అర్థం చేసుకుంటుంది. ఏదైనా ఆట నిండిపోతే మీరు ఆ గడిలో అయిపోయాయి అని మార్చిన వెంటనే పేజీలో కూడా ఆ మాట వస్తుంది. దానివల్ల ఆ రోజు మీకు వచ్చే ఫోన్లు కొంతైనా తగ్గుతాయి.

వేదికల బాధ్యులు:

ఆడిటోరియం సౌత్ బ్రన్స్‌విక్‌లో ఉన్నా, తపాలా చిరునామాలో మన్మౌత్ జంక్షన్ అని ఉంది. ఏది వేయమంటారు? మరో విషయం, శనివారం పిల్లలు వేషాలు వేసుకుని ఇళ్లిళ్లూ తిరిగే హాలోవీన్ కూడా కాబట్టి సాయంత్రం పిల్లలున్న ఇళ్లవారు రారు. పిల్లల చిత్రాన్ని మధ్యాహ్నానికి జరపమని అడుగుతున్నారు. ఆడిటోరియం నిర్వాహకులు ఇంకా ఖరారు చేయలేదు.

వెబ్‌సైటు వలంటీరు:

చిరునామా గడిలో తపాలా శాఖ గుర్తించేదే వేయండి, ఫోనులోని మ్యాపు దాన్నే పట్టుకుంటుంది. సౌత్ బ్రన్స్‌విక్ అన్న మాట వివరణలో ఉంటుంది, మనవాళ్లు ఆ పేరుతోనే వెతుకుతారు. పార్కింగు ఏ వైపు నుంచో కూడా ఒక వాక్యం ఇవ్వండి.

పిల్లల చిత్రం మధ్యాహ్నమే నయం. ఖరారు కాని సమయాన్ని అంచనాగా వేసి పేజీని బయటపెట్టవద్దు. ఆ వరుసకు చిత్తు అని గుర్తు పెడితే స్క్రిప్టు దాన్ని దాటిపోతుంది. ఒకసారి బయటకు వెళ్లాక సమయం మారితే పేజీని తీసేయకూడదు. అదే లింకులో కొత్త సమయం వేసి, స్థితి గడిలో సమయం మారింది అని రాసి, పాత సమయాన్ని దాని గడిలో ఉంచాలి. రద్దయినా సరే, పేజీ ఉండి రద్దయిందని చెప్పాలి. లేకపోతే పాత లింకు దాచుకున్నవారు ఏమైందో తెలియక నేరుగా హాలుకు వస్తారు. ఉత్సవం ముగిశాక కూడా ఈ పేజీలను ఉంచేద్దాం, వచ్చే ఏడాది పేజీలు వాటి పక్కన వేరే లింకులతో చేరతాయి.

చిత్రాల పట్టికను ఎంపిక సంఘం, వేదికల పట్టికను వేదికల బాధ్యులు, ధరల గడులను కోశాధికారి గారు నింపితే బాధ్యతలు కలగాపులగం కావు. మిగతావారికి చదివే అనుమతి మాత్రమే ఇస్తాను. ముందుగా మాయాబజార్ ఒక్క వరుసను పూర్తిగా నింపి ఇవ్వమని ఎంపిక సంఘాన్ని కోరుతున్నాను. దాని నిడివి 184 నిమిషాలు, మధ్యలో విరామం ఎంతసేపో వేదికల బాధ్యులు చెబితే ముగింపు సమయం తేలుతుంది. ఆ ఒక్క పేజీని తయారుచేసి పేజీ వెనక భాగాన్ని సరిచూసే గూగుల్ వారి రిచ్ రిజల్ట్స్ టెస్టులో పరీక్షించి, తప్పులుంటే దిద్ది, లింకును ఇక్కడ పెడతాను. మీ ఇంట్లో పెద్దవారికీ కాలేజీ పిల్లలకూ దాన్ని చూపించి, ఎక్కడ తడబడ్డారో ఇక్కడే రాయండి. మిగతా వరుసలు ఆ తరువాతే మొదలుపెడదాం.