మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటూ నాకే పిచ్చెక్కేలా ఉంది, ఎవరైనా చెప్పండి

గుంటూరు కోడలు:
మా అత్తగారికి పోయినేడు సంక్రాంతి ముందు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట కూడా తిరగడం లేదు. ట్యూషన్లు మానేసి నేనే చూసుకుంటున్నా. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలన్నారు, రాత్రంతా అలారం పెట్టుకుని లేస్తున్నా. ఏదైనా కావాలంటే ఎడం చేత్తో స్టీలు స్పూను మంచం కమ్మీకి కొడతారు. ఇప్పుడు పక్కింట్లో గిన్నె చప్పుడైనా నాకు గుండె దడ.

మొన్న రాగిజావ మూడోసారి ఉమ్మేసేసరికి ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా లాగేశాను, నా గాజు గీరుకుని ఎర్రగా కమిలింది. ఆవిడ ఏడవలేదు, నా వైపు చూశారంతే. నేను బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పేసి ఏడ్చాను. మా ఆయన ఆరు నెలలుగా "ఆయాని పెడదాంలే" అంటూనే ఉన్నారు. ఆడపడుచు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసి "వదినా, అమ్మ ఇంత చిక్కిపోయిందేంటి" అంటుంది. చుట్టాలొచ్చి "కోడలంటే నువ్వేనమ్మా" అని కాఫీ తాగి వెళ్ళిపోతారు. నేను చెడ్డదాన్ని అయిపోతున్నానా? యోగా చెయ్యమని మాత్రం చెప్పకండి, పళ్ళు తోముకునేసరికే పదిన్నర అవుతోంది.

వార్డు సిస్టర్:
అమ్మా, ఇరవై ఏళ్ళ నుంచి నర్సుగా చేస్తున్నా కాబట్టి ముందు జావ సంగతి చెప్తా. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మింగడం కష్టమవుతుంది, పలచగా ఉన్నది ఇట్టే పొలమారుతుంది, ఉమ్మేస్తున్నారంటే మొండితనం కాకపోవచ్చు. స్పీచ్ థెరపిస్టులు మాటే కాదు, మింగడం కూడా పరీక్ష చేస్తారు, ఒకసారి చూపించండి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టండి, తిన్నాక కూడా ఓ అరగంట పడుకోబెట్టకండి. గాలి పరుపు వేస్తే రాత్రిపూట ఒత్తిగిలించే వ్యవధి కాస్త పెంచొచ్చేమో మీ డాక్టర్ని అడగండి, చర్మం చూసి ఆయనే చెప్పాలి.

ఇక మీ సంగతి. రోగిని చూసుకునేవాళ్ళ అలసటని కొలవడానికి జారిట్ అని 22 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. ఆ మనిషి దగ్గరుంటే మీకు కోపం వస్తోందా అని అందులో ఒక ప్రశ్నే ఉంది. అంటే ఆ కోపం వచ్చినవాళ్ళలో మీరు మొదటివారు కాదు. కానీ చెయ్యి దాకా వచ్చిందంటే ఇక ఆగకూడదు. ఈసారి అలా అనిపిస్తే కమ్మీ పైకి లేపి, గిన్నె పక్కన పెట్టేసి వరండాలోకి వెళ్ళిపోండి, జావ చల్లారితే చల్లారనివ్వండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీమానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. మీ బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?

పాతకాలం మనిషి:
మా అమ్మ మా నాయనమ్మకి ఏడేళ్ళు చేసింది, ఒక్కరోజు నోరెత్తలేదు. ఈ బర్నౌట్లు అవీ అప్పుడు లేవు.

హనుమకొండ చిన్నోడు:
పెద్దాయనా, మీ అమ్మగారు నోరెత్తలేదా, మీరు వినలేదా? ఆ రోజుల్లో ఇంట్లో పదిమంది ఉండేవాళ్ళు, ఒకరు పెడితే ఒకరు కడిగేవాళ్ళు. ఇప్పుడు మూడు గదుల ఫ్లాట్‌లో అన్నిటికీ ఒక్కతే.

అక్కా, మా బాపుకి మతిమరుపు జబ్బు. సాయంత్రం ఐదు దాటిందంటే చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడి "ఇంటికి పోదాం పా" అనేవాడు, ఉన్నది సొంతింట్లోనే. రెండేళ్ళు నేనొక్కణ్ణే చూసిన. అన్నకి "కొంచెం సాయం చెయ్యి" అని వందసార్లు చెప్పుంటా, సరే అనేవాడు, అంతే. ఒక ఆదివారం పొద్దుటి నుంచి తెల్లారేదాకా చేసిన ప్రతి పనీ నోటుబుక్కులో టైంతో సహా రాసి, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన. కింద నేను ఒక్క మాట రాయలేదు. తర్వాత "శనివారం రాత్రి 9 నుంచి ఆదివారం మధ్యాహ్నం 12 దాకా నువ్వు" అని అన్నకి చెప్పిన. టైం చెప్తే తప్పించుకోవడం కష్టం అక్కా. మొదటిసారి డైపర్ ఉల్టా వేసిండు, నేను నోరు మూసుకున్న, తప్పులు పడితే మళ్ళీ రాడు. ఆ రాత్రి దోస్తు రూమ్‌ల ప్యాంటు కూడా మార్చుకోకుండా పదకొండు గంటలు పడుకున్న. మీ ఆడపడుచుకి రోజు వీడియో కాల్ ఎందుకు, నెల మొదటి తారీకు ఆయా జీతం పంపమనండి.

గుంటూరు కోడలు:
అందరికీ థాంక్సండీ. నిన్నటి పనులు రాస్తే మూడు పేజీలొచ్చాయి. ఆడపడుచుకి పంపాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మా ఆయన చదివి చాలాసేపు ఏం మాట్లాడలేదు, శనివారం రాత్రి తనే చూస్తానన్నారు. చూడాలి. సిస్టర్ గారూ, బీపీ రేపు చూపించుకుంటా. స్పూను తీసేసి చెక్క గరిటె ఇచ్చాను, కమ్మీకి కొడితే చప్పుడు అంత రావడం లేదు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు, ఎడంవైపు మూతి ఒక్కటే.