ముందు సస్పెన్షన్ ఇంట్లో మార్చుకోవచ్చా, గ్యారేజీకే ఇవ్వాలా?

కొత్త పానా:
నా కారు 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. గుంతలో దిగినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర 'టక్ టక్'మని చప్పుడు. జాకీతో లేపి చూస్తే లింక్ రాడ్ (కారు పక్కకు ఒరగకుండా ఆపే బార్‌కు కలిపే చిన్న కడ్డీ) వదులుగా ఆడుతోంది, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే ఇనుప చేయి) వెనక బుష్‌లో రబ్బరు చీలింది, షాక్ అబ్జార్బర్ ఒంటి నిండా ఆయిల్ చెమ్మ. బ్రేక్ ప్యాడ్లు, ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను. ఇది కూడా నేనే చేద్దామని ఉంది. ఇంట్లో వాళ్లకు మాత్రం ఒకటే టెన్షన్. చేయొచ్చా, వద్దా?

గ్యారేజీ మనిషి:
తమ్ముడూ, మానుకో. 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. షాక్ అబ్జార్బర్ చుట్టూ ఉండే స్ప్రింగ్, చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు కూడా పూర్తిగా సాగి ఉండదు. పైన మధ్యలో ఉన్న ఒక్క నట్టే దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది. స్ప్రింగ్‌ను నొక్కి పట్టే కంప్రెసర్ వేయకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగ్ ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

కంప్రెసర్ ఉంటే చాలనుకోకు. మా దగ్గరే కొత్తగా చేరిన కుర్రాడు రెండు కొక్కేలనూ ఎదురెదురుగా వేయకుండా ఒకే పక్కకు దగ్గరగా వేశాడు. బిగించే కొద్దీ స్ప్రింగ్ విల్లులా వంగింది. నేను చూసి అరిచేలోపే ఒక కొక్కెం జారి వాడి చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. గోడ పెచ్చు రాలిపడింది. వాడు రెండు రోజులు పనికి రాలేదు. దెబ్బ తగిలి కాదు, భయంతో. ఆ రోజే ఆ కొక్కేల కంప్రెసర్ తీసేసి గోడకు బిగించే ప్రెస్సు పెట్టించాను.

సొంత చేయి:
అన్నా, స్ప్రింగ్ విషయంలో మీ మాటకు తిరుగులేదు. కానీ ఆ ఒక్కదాన్ని చూపించి మొత్తం పనే వద్దనడం సరికాదు. లింక్ రాడ్‌కు రెండే నట్లు. లోయర్ ఆర్మ్‌కు రెండో మూడో బోల్టులు, చక్రం వైపు ఒక బాల్ జాయింట్ (అటూ ఇటూ తిరిగే గుండు కీలు). వీటిలో స్ప్రింగ్‌ను ముట్టుకునే పనే లేదు, కనీసం స్ట్రట్ రకం సస్పెన్షన్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసి ఒకే ముక్కగా ఉండేది) ఉన్న కార్లలో. చిన్న కార్లలో ఎక్కువ భాగం ఆ రకమే.

షాక్ అబ్జార్బర్‌కు కూడా దారి ఉంది. స్ప్రింగ్, పై మౌంటు, బేరింగు అన్నీ ముందే బిగించిన స్ట్రట్టు దొరికితే అదే కొనండి. దొరక్కపోతే పాత స్ట్రట్టును ఉన్నదున్నట్టు విప్పి గ్యారేజీకి తీసుకెళ్లి, ప్రెస్సు మీద ఆ స్ప్రింగ్‌ను కొత్త షాక్ అబ్జార్బర్‌కు మార్పించుకుని తెచ్చుకోండి. చాలా కార్లలో పై మౌంటు చుట్టూ రెండు మూడు చిన్న నట్లుంటాయి, వాటినే విప్పాలి. మధ్య నట్టు జోలికి మాత్రం పోవద్దు. ఒకటి పాడైతే రెండు పక్కలా మార్చాల్సిందే. లేకపోతే ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా అయి బ్రేకు వేసినప్పుడు తేడా తెలుస్తుంది.

నాలుగు చక్రాలు:
నాదొక అనుభవం చెబుతాను, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. రెండేళ్ల క్రితం లోయర్ ఆర్మ్‌లు నేనే మార్చాను. కారును స్టాండ్ల మీద ఉంచి, చక్రాలు కిందికి వేలాడుతుండగానే బుష్ బోల్టులు గట్టిగా బిగించేశాను. ఎనిమిది నెలలకే కొత్త బుష్‌లు చీలిపోయాయి. విప్పి చేతిలో పట్టుకుని చూస్తే, పిండిన గుడ్డలా రబ్బరు మెలి తిరిగి ఒకే పక్క పగిలింది.

ఆ బుష్ తిరిగే రకం కాదు. లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు బిగించి పట్టేస్తుంది, ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు మధ్యలో రబ్బరే మెలి తిరుగుతుంది. ఆర్మ్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు నేల మీదికి దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలిలోనే బతకాలి. పార్టుది ఏ తప్పూ లేదు, తప్పు నాదే.

ఇప్పుడు ఏం చేస్తానంటే, కారు లేపకముందే చక్రం నడి మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకుంటాను. బోల్టులు చేతితో పెట్టేసి, కారు స్టాండ్ మీదే ఉండగా ఆర్మ్ చివర కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా నెమ్మదిగా ఎత్తుతాను. అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి చూపే పానా) బిగిస్తాను. ఎంత బిగించాలనే అంకె మాత్రం మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లోనే చూడాలి, ఇంకొకరి కారు అంకె పనికిరాదు.

గ్యారేజీ మనిషి:
ఇది బాగా చెప్పారు. కొన్ని గ్యారేజీల్లో కూడా కారు లిఫ్టు మీద ఉండగానే ఎయిర్ గన్‌తో బిగించి పంపేస్తారు, ఒప్పుకుంటాను. కానీ నా అసలు భయం బాల్ జాయింట్. బుష్ పాడైతే చప్పుడొస్తుంది. బాల్ జాయింట్ ఊడితే చక్రం అడ్డంగా పడిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే. ఇంట్లో చేసినవాడి పనిని రెండోసారి చూసేది ఎవరు?

సొంత చేయి:
గ్యారేజీలో మాత్రం రెండోసారి ఎవరు చూస్తున్నారన్నా? ఇంట్లో నాకు తొందర లేదు. ఒక్క పక్కకు రోజంతా తీసుకున్నా అడిగేవారు లేరు. పాత నట్టు మళ్లీ వాడను, నట్టు వదులవకుండా ఆపే స్ప్లిట్ పిన్ను కూడా కొత్తదే వేస్తాను. బిగించిన ప్రతి బోల్టు తల మీద పెయింట్ పెన్నుతో గీత పెడతాను. గీత లేని బోల్టు ఉందంటే పని అవ్వలేదన్నట్టే.

బాల్ జాయింట్ విప్పడానికి ఫోర్కు లాంటి పనిముట్టు వాడొద్దు, రబ్బరు బూటు చిరిగిపోతుంది. మార్చేసే పార్టయితే ఫర్వాలేదు గానీ, మళ్లీ వాడేదైతే పుల్లర్ వేయాలి. పుల్లర్ బిగించి, నకుల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) చెవి మీద పక్కనుంచి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే అందులో బిగుసుకున్న టేపర్ (బాల్ జాయింట్ సన్నగా దిగే కాడ) 'ఠప్'మని వదులుతుంది. మొదటిసారి ఆ శబ్దానికి ఉలిక్కిపడతారు. అందుకే నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు ఉంచాలి.

ఇంకొకటి. ఆర్మ్ ఊడాక నకుల్‌ను బయటికి వాలిపోనివ్వకండి, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ నుంచి జారిపోవచ్చు. తాడుతో కట్టండి. బ్రేక్ గొట్టం మీద, ఏబీఎస్ వైరు మీద బరువు పడకూడదు.

నాలుగు చక్రాలు:
జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు. గట్టి నేల, రెండు స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డుకట్టలు. ఇవి లేకపోతే ఈ చర్చే అనవసరం.

గ్యారేజీ మనిషి:
సరే, నా మాట కొంచెం మార్చుకుంటాను. లింక్ రాడ్, లోయర్ ఆర్మ్ చేసుకో తమ్ముడూ. స్ప్రింగ్ మాత్రం విప్పకు. తుప్పు పట్టి బోల్టు కదలకపోతే బలం చూపించొద్దు, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలెయ్. అప్పటికీ రాకపోతే ఆపేసి తీసుకొచ్చెయ్. మధ్యలో విరిగిన బోల్టుతో కారు నీ దగ్గరే ఇరుక్కుపోతుంది. పనయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. స్ట్రట్టు కింద రెండు బోల్టుల రంధ్రాల్లో కాస్త సందు ఉంటుంది, గుర్తులు పెట్టుకుని బిగించినా క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మారతాయి. కొత్త టైర్లు కూడా పక్క అరిగిపోతాయి.

కొత్త పానా:
అందరికీ థాంక్స్. మూడు వారాలు పట్టింది, చేసేశాను. లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్‌లు రెండు పక్కలా నేనే మార్చాను. లింక్ రాడ్ నట్టుతో పాటే లోపలి పిన్ను గిర్రున తిరిగిపోతుంటే గంట పోరాడాను. దాని చివర అలెన్ కీ పెట్టి పట్టుకోవాలని తర్వాత తెలిసింది. స్ట్రట్లు విప్పి తీసుకెళ్లి ప్రెస్సు మీద మార్పించుకున్నాను, బిగించింది నేనే. బుష్ బోల్టులు కొలత చూసుకునే బిగించాను. అలైన్‌మెంట్ చేయించాను, స్టీరింగ్ నిటారుగా ఉంది, చప్పుడు పోయింది.

గ్యారేజీ మనిషి:
సంతోషం. 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ టార్క్ చూడు. బాల్ జాయింట్ నట్ల మీద గీతలు కదిలాయో లేదో టార్చి వేసి చూడు. కదిలి ఉంటే కారు తీయకుండా నాకు రాయి.

కొత్త పానా:
140 తిరిగాక చూశాను అన్నా. గీతలు పెట్టినచోటే ఉన్నాయి.