బాత్రూమ్ సీలింగ్‌కి బూజు: రంగేసినా మళ్లీ వస్తోంది

తడిగోడ:
రెండేళ్లలో రెండుసార్లు రంగేయించాం. మూణ్ణెల్లు తెల్లగా ఉంటుంది, తర్వాత షవర్ పైన నల్లచుక్కలు మొదలు. ఇప్పుడు ఓ మూల పెచ్చు కూడా లేచింది. (దులిపితే పోయే సాలీడు బూజు కాదండీ, గుడ్డతో తుడిస్తే నల్లగా పులుముకునే రకం.) ఈసారి నేనే చేద్దామనుకుంటున్నా. ఏ రంగు కొనాలి?

నిచ్చెనమెట్టు:
రంగు సంగతి ఆఖర్న. పోయినసారి మచ్చల్ని కడిగి వేశారా, వాటి మీదే వేశారా?

తడిగోడ:
పెయింటర్ ఎమరీ పేపర్‌తో రుద్ది వేసేశాడు. కడిగినట్టు గుర్తులేదు.

నిచ్చెనమెట్టు:
అక్కడే దెబ్బతింది. పొడిగా రుద్దితే బూజు చావదు సరికదా, దాని పొడి గదంతా లేస్తుంది. ముందు ఒక మచ్చ మీద బ్లీచ్ చుక్క అద్ది ఒకటి రెండు నిమిషాలు చూడండి. తేలిపోతే బూజు. అలాగే ఉంటే మురికో, పైనుంచి దిగిన నీటి మరకో అయ్యుంటుంది.

చెమ్మచెక్క:
నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తేలకుండా రంగు డబ్బా మూత తీయకండి. మేం తీసి ఏడ్చాం. సీలింగ్ తుడిచి, బాగా ఆరాక, పుస్తకమంత ప్లాస్టిక్ షీటు పెట్టి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేయండి. రెండ్రోజులాగి చూడండి. మన వైపు చెమట పడితే అది స్నానాల ఆవిరి. షీటుకీ సీలింగ్‌కీ మధ్య నీరు చేరితే స్లాబులోంచి దిగుతున్నట్టు. మాది రెండోది. పై బాత్రూమ్ నేల టైల్స్ సందులు అరిగిపోయాయి. అవి నింపించాక కూడా మా సీలింగ్ ఆరడానికి వారాలు పట్టింది. ఆ ఆగడమే కష్టం, పని కాదు.

గాలిగోపురం:
ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా? ఉంటే నడుస్తున్నప్పుడు టిష్యూ కాగితం దగ్గర పెట్టండి. అంటుకుని నిలబడాలి. మాది ఏళ్లతరబడి మోతే తప్ప లాగింది లేదు. చూస్తే దాని గొట్టం బయటికి పోలేదు, ఫాల్స్ సీలింగ్ పైనే ఆగిపోయింది! ఆవిరంతా మేమే పైన దాచుకున్నాం. ఇప్పుడు స్నానమయ్యాక ఇంకో అరగంట నడవనిస్తాం.

తడిగోడ:
ఫ్యాన్ ఉంది. వెళ్లేటప్పుడు లైటుతో పాటే కట్టేస్తాం 🙈 కడగడానికి బ్లీచ్ ఎంత?

నిచ్చెనమెట్టు:
ఒక వంతుకు పది వంతుల నీళ్లు. పదిహేను నిమిషాలుంచి తుడిచేయండి. తలపైన పని కాబట్టి కళ్లద్దాలు, గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. తలుపు తెరిచే ఉంచాలి. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ, అమోనియా ఉన్న క్లీనర్‌తో గానీ పొరపాటున కూడా కలపొద్దు. విషవాయువులు వస్తాయి.

చెమ్మచెక్క:
బ్లీచ్ మీద నాకంత భక్తి లేదు. నల్లరంగు పోగొడుతుంది గానీ, సిమెంటు పూతలోపలికి పెద్దగా దిగదు. నేనైతే సబ్బునీళ్లతో గట్టిగా బ్రష్ కొడతాను.

నిచ్చెనమెట్టు:
సబ్బునీళ్లతో రుద్దడం ఎలాగూ ఉండాల్సిందే, ఒప్పుకుంటా. బ్లీచ్ ఆ తర్వాత.
పెచ్చు లేచినచోట స్క్రాపర్‌తో గట్టి పూత తగిలేదాకా గీకండి. పాత ఇల్లయితే అడుగు రంగులో సీసం ఉండొచ్చు, తడిపి గీకండి. లప్పం సిమెంటు రకమే పెట్టండి, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) వద్దు, చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. ఆరాక ప్రైమర్, దానిమీద కడగడానికి వీలైన బాత్రూమ్ రంగు రెండు కోట్లు. బూజు పట్టని రంగులంటారే, అవి పైపొరని కొంతకాలం కాస్తాయి, అంతే. తడిని ఆపవు.

తడిగోడ (నాలుగు రోజుల తర్వాత):
రెండుచోట్ల షీట్లు పెట్టా. షవర్ పైన మన వైపే చెమట. పెచ్చు లేచిన మూలలో మాత్రం లోపలివైపు నీళ్లు! రెండు రోగాలన్నమాట. షవర్ వైపు కడిగేశా, ఫ్యాన్ నడుపుతున్నాం. పైవాళ్లతో మాట్లాడాలంటేనే మొహమాటంగా ఉంది.

చెమ్మచెక్క:
షీటు తీయకండి. వాళ్లని ఓసారి కిందికి పిలిచి చూపించండి. మా పైవాళ్లు మాటల్తో నమ్మలేదు, ఆ నీళ్లు చూశాకే కదిలారు. అందాకా ఆ మూలకి లప్పం పెట్టొద్దు.