పన్నెండు సినిమాల్లో ఒక్క దర్శకురాలూ లేదు. ఇది సరేనా? (రాసినవాళ్ల పేర్లకు బదులు వాళ్ల ప్రాంతాల పేర్లున్నాయి.)

బాలాజీ కాలనీ:
తిరుపతిలో నెలకొక విదేశీ సినిమా వేస్తున్న మిత్రులు వచ్చే ఏడాది జాబితా పెట్టారు. కురొసావా, బెర్గ్‌మన్, తార్కోవ్‌స్కీ, ఓజు, కియరొస్తమీ లాంటి పేరున్న దర్శకులు ఉన్నారు. ఆడవాళ్లు తీసింది ఒక్కటీ లేదు. అడిగితే, మార్చిలో మహిళా దినోత్సవానికి ఒకటి వేద్దాంలే అన్నారు. నాకది నచ్చలేదు. కనీసం నాలుగుండాలి, అదీ మామూలు నెలల్లోనే. మీరేమంటారు?

పాకాల:
నేనొప్పుకోను. సినిమా బాగుందా లేదా అనేదే చూడాలి, తీసిందెవరని కాదు. ఏడాదికి పన్నెండే వేయగలం. కోటా పెడితే ఏదో ఒక గొప్ప సినిమా పక్కకు పోవాల్సిందే. కురొసావా 'సెవెన్ సమురాయ్' పెద్ద తెర మీద చూడాలని ఎదురుచూస్తున్నవాళ్లు ఎంతమందో. పైగా, ఆడమనిషి తీసింది కాబట్టి వేశామంటే ఆ దర్శకురాలికే చిన్నతనం.

బాలాజీ కాలనీ:
అన్నా, గొప్పదని తేల్చిందెవరు? బ్రిటన్‌లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకులను అడిగి ఉత్తమ చిత్రాల జాబితా వేస్తుంది. బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ డీల్మాన్' 2012లో 36వ స్థానంలో ఉంది. 2022లో మొదటి స్థానానికొచ్చింది. ఈ పదేళ్లలో సినిమాలో ఒక్క షాటూ మారలేదు. ఓటేసినవాళ్లే 846 నుంచి 1,639 మంది అయ్యారు. ఫ్రాన్స్‌లో కేన్స్ సినిమా పండుగ 1946లో మొదలైతే, అక్కడి పెద్ద బహుమతి పామ్ డోర్ తొలిసారి ఒక దర్శకురాలికి దక్కింది 1993లో. జేన్ కాంపియన్‌కు అదీ చైనా దర్శకుడు చెన్ కైగేతో కలిపి ఇచ్చారు. ఆడవాళ్లకు ప్రతిభ లేక ఇన్నేళ్లు పట్టిందంటే నేను నమ్మను.

చంద్రగిరి:
బయటి దేశాల దాకా ఎందుకు? భానుమతి గారు 1953లోనే 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీల్లో డైరెక్ట్ చేశారు. విజయనిర్మల గారు 44 సినిమాలు తీసి గిన్నిస్‌కెక్కారు. అయినా మనవాళ్లకు వాళ్లు హీరోయిన్లుగానే గుర్తు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పాకాల:
సరే, కానీ 'జాన్ డీల్మాన్' 201 నిమిషాలు. ఒక ఇల్లాలు బంగాళాదుంపల తొక్క తీయడం కూడా నిదానంగా చూపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటే అది వేస్తే మళ్లీ మన వైపు రారు.

లీలామహల్ సర్కిల్:
అన్నా, అది మొదట వేయొద్దనే నేనూ అంటాను. సౌదీ అరేబియా దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ తీసిన 'వాజ్దా' (2012) వేయండి. సైకిలు కొనుక్కోవాలనుకునే రియాద్ అమ్మాయి కథ. వీధిలో మగవాళ్లతో కలిసి పనిచేసే వీల్లేక, ఆమె వ్యాన్‌లో కూర్చుని వాకీటాకీలో చెబుతూ షూటింగ్ చేశారు. ఇంకో మాట. షో సాయంత్రం ఆరున్నరకు పెడితే హాస్టల్లో ఉండే మాలాంటివాళ్లం రాలేం. గేటు టైము దాటిపోతుందని సినిమా అంతసేపూ టెన్షనే. ఆదివారం పొద్దున పెడితే మా ఫ్రెండ్స్ అందరం వస్తాం. ఎవరి సినిమాలు వేయాలనే చర్చలో, ఎవరు చూడగలరనేది కూడా ఉండాలి కదా!

బాలాజీ కాలనీ:
ఆ సంగతి నాకు తట్టలేదమ్మా, ముందు అదే అడుగుతాను. పాకాల అన్నా, జాబితాలో ఉన్నదేదీ తీసేయకుండానే ఒకటి చేయొచ్చు. కియరొస్తమీ సినిమా 'ది విండ్ విల్ క్యారీ అజ్' పేరే ఇరాన్ కవయిత్రి ఫొరూగ్ ఫరోఖ్‌జాద్ కవితది. ఆ కవయిత్రే 1962లో తబ్రీజ్ దగ్గర కుష్ఠురోగుల కాలనీలో 'ది హౌస్ ఈజ్ బ్లాక్' తీశారు. నిడివి ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ. ముందు అది వేసి తర్వాత కియరొస్తమీది చూస్తే, ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో తెలుస్తుంది. తార్కోవ్‌స్కీవి రెండున్నాయి కదా, ఒకదాని చోట సోవియట్ దర్శకురాలు లారిసా షెపిట్కో 'ది అసెంట్' వేద్దాం. 1977లో బెర్లిన్ సినిమా పండుగలో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. మంచులో తీసిన యుద్ధ చిత్రం, పెద్ద తెర మీదే చూడాలి. ఇక ఫ్రెంచ్ దర్శకురాలు ఆన్యెస్ వార్దా తీసిన తొంభై నిమిషాల 'క్లియో ఫ్రమ్ 5 టు 7'. 'వాజ్దా'తో నాలుగు.

పాకాల:
ఫరోఖ్‌జాద్‌కు, 'వాజ్దా'కు నా అభ్యంతరం లేదు. తార్కోవ్‌స్కీని మాత్రం వదులుకోను. ఓజువి కూడా రెండున్నాయి, అందులో ఒకటి తగ్గించి షెపిట్కోను వేయండి. వార్దాకు ఏది తీసేస్తారో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.